బతికున్న అత్తమ్మ పటం

మా అత్తమ్మ చనిపోయిందన్న సంగతి వనపర్తిలో అందరికంటే ఆలస్యంగా తెలిసింది మా అత్తమ్మకే. ఆమె ఆ వేళ గిర్నికి పోయింది. జొన్నలు పట్టించుకొని, పిండి డబ్బా చంకన పెట్టుకొని మా వీధి మలుపు తిరిగేసరికి ఏడుపులు వినిపించాయట. ఎవరింట్లో ఏమైందో పాపం అనుకుంటూ నడక పెంచిందట. ఆ ఏడుపు తన కోసమేనని గడప దాకా వస్తే గాని తెలియలేదు.

ఇప్పుడు నవ్వుతూనే చెప్తున్నాను గాని, ఆ రోజు నుంచి గద్వాల పోయి వచ్చేదాకా నేను నవ్వింది లేదు. ఆ ఏడుపుల కింద పడి నలిగింది మా అమ్మాయి చదువు మరి.

మా అమ్మాయి హైదరాబాదులో యూనివర్సిటీ వాళ్ల కళల కాలేజీలో చదువుతోంది. బొమ్మలు గీయడం, శిల్పాలు చెక్కడం, బట్టల మీద డిజైన్లు వేయడం, ఇవన్నీ డిగ్రీ చదువుగా చెప్పే కాలేజీ. ఇంటర్ అయ్యాక బొమ్మలు గీసే పరీక్ష రాసి తనంత తనే సీటు తెచ్చుకుంది. సీటు వచ్చిందని తెలిసిన రోజే బిజినేపల్లి నుంచి మా వదినె, అంటే మా ఆయన అక్క, దిగింది. చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది.

"బొమ్మలు గీసెటోళ్లకు యూనివర్సిటీ ఎందుకే? ఎలచ్చన్లల్ల గోడల మీద గుర్తులు గీసెటాయన ఏ యూనివర్సిటీల సదివిండు?"

"మీ పిల్లగాడు ఇంజనీరింగు సదవకముందు పాలమూర్ల ఎవలూ ఇండ్లు కట్టుకోలేదా వదినె?" అన్నాను.

ఆమె నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నెల హాయిగా గడిచింది.

నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్తాను. పొద్దంతా పిల్లలకు హక్కుల గురించి చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి నోరు మూసుకోవడం నా వల్ల కాదు. మా ఆయన నాకు పూర్తిగా ఉల్టా. ఆయనది విత్తనాల దుకాణం. రైతు ఏ విత్తనం పేరు చెబితే అదే మంచిదంటాడు. ఇంట్లో కూడా అదే బేరం. చివర మాట్లాడినవాళ్లదే ఆయన అభిప్రాయం. అందుకని ఆ రోజు తీర్పు అత్తమ్మ దగ్గరికి పోయింది. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ తల కూడా ఎత్తకుండా, "పిల్ల పోతనంటుంది కద, పోనియ్యిర్రి. గీతలు గీస్తే ఎవల సొమ్ము పోతది" అంది. మా ఇంట్లో ఆమె ఊ అంటే ఊ. పిల్ల హైదరాబాదు బస్సెక్కింది.

ఇగ పటం సంగతి.

మొదటి ఏడు అయిపోవచ్చే రోజుల్లో మా ఆయన మామిడికాయ తొక్కు తీసుకొని హాస్టలుకు పోయాడు. పిల్ల ఒక బొమ్మ చుట్టచుట్టి ఆయన చేతిలో పెట్టింది. బొగ్గుతో గీసిన అత్తమ్మ ముఖం. నుదుటి మీద ముడతలు, చెవులకు గంటీలు, భుజం మీద కొంగు అంచు, అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. మా ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి బొమ్మ, అదీ బిడ్డ గీసింది. ఇంటికి రాకముందే దాన్ని వనపర్తి బజార్లో పటాలు కట్టే దుకాణంలో ఇచ్చాడు. తల్లికి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. కట్టించాక చూపిస్తాడట.

ఆ పటాలాయన తప్పేం లేదు. మా వైపు ఇంత పెద్ద పటం బతికున్న మనిషికి ఎవరూ కట్టించరు. మనిషి పోయాకే పాత ఫోటో ఒకటి వెతికి, ముఖం మాత్రం పెద్దగా చేయించి, దినం నాటికి అందేటట్టు కట్టిస్తారు. ఇక్కడేమో ముసలామె ముఖం, నలుపు తెలుపు, సూటిగా చూసే చూపు. దుకాణాయన పాపం ఏమీ అడగలేదు. అడిగే ప్రశ్నా అది? బంగారు రంగు ఫ్రేము వేసి, పైన గంధపు చెక్క దండ ఒకటి తన తరఫున వేసి, రెండు చేతులా అందించాడట.

"దండ ఎందుకని అడగాల్నా వద్దా?" అని తర్వాత మా ఆయన్ను నిలదీశాను.

"ఊరికెనె ఇస్తుంటే వద్దంటే బాగుంటదా? సన్మానం లెక్క ఉంటదనుకున్న."

సన్మానం! ఆ సన్మానాన్ని తెచ్చి ముందరింట్లో మా మామయ్య ఫోటో పక్కన తగిలించాడు. అక్కడైతే మొల ముందే కొట్టి ఉందట. మామయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఫోటోకూ అదే సైజు, అదే బంగారు రంగు. అత్తమ్మ గిర్ని నుంచి వచ్చి చూసి మురిసిపోతుందని తలుపు దగ్గరకేసి దుకాణానికి పోయాడు మా ఆయన.

అత్తమ్మకంటే ముందు ఆమె చెల్లెలు వచ్చింది. వీపనగండ్ల నుంచి, మనవడికి పుట్టువెంట్రుకలు తీస్తున్నాం రమ్మని పిలవడానికి. తలుపు తోసింది. ఇల్లంతా నిశ్శబ్దం. గోడ మీద బావ, బావ పక్కన దండతో అక్క. ఇంకేం కావాలి ఆమెకు?

కాలేజీలో ఉన్న నాకు పక్కింటామె ఫోన్ చేసింది. "మేడమ్మా, మీ ఇంట్ల ఎవలో శోకం పెడ్తున్రు, జల్ది రాండ్రి." ఆటోలో ఎట్లా వచ్చి పడ్డానో తెలియదు. మా ఇంటి ముందు ఆడవాళ్లంతా గుమిగూడి ఉన్నారు. అప్పుడే ఆ మూల నుంచి పిండి డబ్బాతో మా అత్తమ్మ వస్తోంది. ఇద్దరం గడప దగ్గర కలిశాం. లోపల చిన్నత్త గోడకు ఎదురుగా కూలబడి రాగం తీస్తోంది.

"అక్కో... నాకొక్క మాట సెప్పకనె పోయినవా అక్కో... గింత జల్దేముండె అక్కో... ఇస్తనన్న ఇత్తడి గుండిగ ఇయ్యకనె పోయినవా అక్కో..."

అత్తమ్మ అదంతా విన్నది. పూర్తిగా విన్నది. గుండిగ దగ్గర ఆగలేకపోయింది.

"ఎప్పుడిస్తనన్ననే నేను నీకు గుండిగ?"

చిన్నత్త వెనక్కి తిరిగింది. తలుపు వైపు చూసింది, గోడ వైపు చూసింది, మళ్లీ తలుపు వైపు చూసింది. ఒక్క కేక పెట్టి వచ్చి అక్కను వాటేసుకుంది. డబ్బా జారిపడి ఇల్లంతా జొన్నపిండి. గుమిగూడినవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. అత్తమ్మ కూడా "నీ నోట్ల మన్ను వడ, సచ్చినంక కూడ గుండిగనే యాదికొచ్చిందా" అని నవ్వబోయింది. అంతలో ఆమె చూపు గోడ మీద పడింది.

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఒళ్లంతా పిండితోనే గోడ దగ్గరికి నడిచింది. మామయ్య ఫోటోను చూసి, తన బొమ్మను చూసి, నెమ్మదిగా అంది.

"నన్ను ఆయిన పక్కకు పెట్టిండ్రు."

అంతకుముందే బిజినేపల్లికి కబురు పోయింది. ఇక్కడ చావు కబురుకు ఉన్న వేగం ఇంకే కబురుకూ లేదు. మా వదినె జీపు నిండా మనుషులతో వీధి మలుపు నుంచే ఏడుస్తూ దిగింది. తల్లి అరుగు మీద కూర్చొని ఉంది. అంత దూరం మోసుకొచ్చిన దుఃఖం ఎక్కడ దింపాలో ఆమెకు తెలియలేదు. అదంతా కోపమై నా మీదికి వచ్చింది.

"మంచిగున్న మనిషికి దండేస్తరానే మీరు? గీ గీతల సదువు వద్దని నేను మొత్తుకోలేదా?"

"దండేసింది మీ తమ్ముడు వదినె. సదువు కాదు."

"బొమ్మ గీసిందెవలు?"

దానికి జవాబు నా దగ్గర ఉంది గాని, అప్పటికి అత్తమ్మ లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది.

మరునాడు ఆమెకు జ్వరం. రొట్టె ముట్టలేదు, మజ్జిగ తాగలేదు. నాగర్‌కర్నూల్ దవాఖానలో తెలిసిన డాక్టరు ఉన్నాడని వదినె పట్టుబడితే అక్కడికే తీసుకుపోయాం. డాక్టరు వైరల్ జ్వరం, ఈ వానల్లో ఇంటింటికీ ఉంది అన్నాడు. వదినె మాత్రం బొమ్మ జ్వరం అంది. వరండాలో బల్ల మీద కూర్చొని తమ్ముడికి చెప్పేసింది.

"పిల్లను తోల్కరా తమ్మీ. ఈడ్నె డిగ్రీల చేర్పియ్యి. అమ్మ పాణం కన్నా ఎక్కువనా ఆ బొమ్మలు?"

"సూద్దాం అక్కా" అన్నాడు మా ఆయన.

ఈయన సూద్దాం అన్నాడంటే సగం సామాను సర్దినట్టే. నాకు ఒళ్లు మండింది.

"వదినె, ఒకటి అడుగుత చెప్పు. కాకి తలమీద తంతే ఏం చేస్తరు మనోళ్లు? ఆ మనిషి చచ్చిపోయిందని చుట్టాలకు ఉత్త కబురు పంపి ఏడిపిస్తరా లేదా? ఏడిస్తే గండం గడిచినట్టేనంటరా లేదా?"

"అంటరు. అయితే ఏంది?"

"మరి అత్తమ్మ కోసం వీపనగండ్ల చిన్నత్త ఏడ్చింది. నువ్వు బిజినేపల్లి నుంచి వనపర్తి దాకా రోడ్డు పొడుగునా ఏడ్చుకుంట వచ్చినవ్. ఇంకా గండం ఏముంది? నా బిడ్డ గీసిన బొమ్మతోనే అత్తమ్మకు ఆయుష్షు పెరిగింది. నువ్వు దాని నెత్తిన అక్షింతలెయ్యాలె."

వదినె నోరు తెరిచి మూసింది. ఆమె అట్లా మూయడం నేను చూడటం అదే మొదటిసారి. గెలిచాననుకున్నాను. తలుపు తెరిచే ఉంది. లోపల మంచం మీద సెలైన్ ఎక్కుతున్న అత్తమ్మ కళ్లు మూసుకొనే అంది.

"కాకి తంతే కదనే గది. నన్ను కాకి తన్నలే. నీ బిడ్డ తన్నింది."

ఎన్నో వాదనల్లో నెగ్గిన దాన్ని. ఆ మాటకు మాత్రం లేచి, సెలైన్ ఎంత ఎక్కిందో చూడటానికి లోపలికి పోయాను.

జ్వరం తగ్గింది. ఇంటికొచ్చాం. పటాన్ని గోడ మీద నుంచి తీసి, బీరువా వెనక ముఖం గోడకేసి పెట్టాను. అయినా అత్తమ్మ ముందరింట్లోకి రావడం మానేసింది. "పటం తీసిన కద అత్తమ్మా" అంటే, "మొల ఉన్నది కద" అంటుంది. వాకిట్లోకి పోవాలన్నా వెనక దారిన చుట్టు తిరిగి పోతుంది. పిల్ల ఫోన్ చేస్తే మాట్లాడదు. "పనుంది" అంటుంది. ఏం పని? మంచం మీద కూర్చొని కొంగు అంచు మడతపెట్టడం, విప్పడం.

నేను మాత్రం వాదన ఆపలేదు. వచ్చినవాళ్లందరికీ ఆ బొమ్మ ఎంత గొప్పదో చెప్పాను. కన్ను చూడండి, ముడత చూడండి, చదువుకున్న చెయ్యి అంటే అదీ అన్నాను. కళ అంటే మీకేం తెలుసని వదినెను ఫోన్లోనే కడిగేశాను. బొమ్మల గురించి నాకు తెలిసింది ఏమిటంటారా? ఏమీ లేదు. నా బిడ్డ గీసింది, అంతే.

ఒకనాటి సాయంత్రం పిల్ల ఫోన్ చేసింది.

"అమ్మా, నేను వచ్చెయ్యాల్నా?"

"ఏడికి?"

"ఇంటికి. బిజినేపల్లి అత్త ఫోన్ చేసింది. అవ్వకేమన్న అయితే అది నీ మీదికే వస్తది అన్నది. అప్పటిసంది బొగ్గు ముట్టబుద్ధి అయితలేదమ్మా. మనిషి మొకం గీయమంటే చెయ్యి వస్తలేదు."

వదినెతో వాదించగలను, మా ఆయనతో వాదించగలను. పిల్ల చెయ్యి ఆగిపోతే దానితో ఏమని వాదించాలి? సీటు పోవడం ఒక ఎత్తు. గీయడమే పోతే? చిన్నప్పుడు సల్లకవ్వాన్ని రంగులో ముంచి దొడ్డి గోడంతా చుట్టలు చుట్టిన పిల్ల అది. ఆ చెయ్యి ఆగిపోయిందంటే నాకు మొదటిసారి నిజంగా భయమేసింది.

"తొందరపడకు. నేను చూసుకుంట" అన్నాను. ఏం చూసుకుంటానో నాకే తెలియదు.

దారి దొరికింది కూడా పిల్ల మాటలోనే. రెండో ఏడు బట్టల డిజైను తీసుకుంది కదా, వాళ్ల క్లాసంతా మగ్గాలు చూడటానికి గద్వాల వస్తున్నారట, సారు కూడా వస్తున్నాడట. ఆ సంగతి అన్నం దగ్గర మామూలుగా చెప్పాను. అత్తమ్మ రొట్టె తుంచుతున్న చెయ్యి ఆపింది.

"సారు వస్తుండా?"

"వస్తుండు."

"అయితే నన్ను తీస్కపో. నీతోని మాట్లాడి ఏం ఫాయిదా. ఆ సారునే అడుగుత."

ఈ మాట బిజినేపల్లికి ఎట్లా చేరిందో గాని పొద్దున్నే వదినె ఫోన్. "మంచిగ అడుగమ్మా. అడిగి పిల్లను అట్నే తోల్కరా. బట్టలు మల్ల తెచ్చుకోవచ్చు." అత్తమ్మ ఊ అంది. ఆ ఊ నాకు వినిపించింది. మా ఆయన వైపు చూశాను. ఆయన దుకాణం తాళాలు వెతుక్కుంటున్నాడు.

బస్సులో కండక్టరు అత్తమ్మ ఆధార్ కార్డు చూసి, ఆమెను చూసి, మళ్లీ కార్డు చూశాడు.

"అవ్వా, గిది నువ్వేనా?"

"నేనే బిడ్డా. ఆ కార్డుల నన్ను ఎప్పుడో సంపిండ్రు" అంది అత్తమ్మ ముఖం మాడ్చుకొని. ఆయన నవ్వి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు కొట్టాడు.

పెబ్బేరు దగ్గర బస్సు ఆగిపోయింది. సంత రోజు. రోడ్డు మీద ఎడ్లు, బర్లు, వాటిని ఎక్కించే వ్యాన్లు. మా ముందు సీట్లో ఒకాయన పక్కాయనకు ఫోన్లో ఎద్దు బొమ్మ చూపించి బేరం ఆడుతున్నాడు. అత్తమ్మ కాసేపు ఓర్చుకుంది.

"ఫోన్ల సూసి ఎద్దును కొంటరా నాయినా? పండ్లు సూడాలె, నడిపిచ్చి సూడాలె. ఫోన్ల ఉన్న ఎద్దు కాలు కుంటిదా మంచిదా ఎట్ల తెలుస్తది?"

"ఇప్పుడంత ఫోన్లనే అవ్వా" అన్నాడాయన.

"అందుకనే ఎవుసం గిట్ల ఉన్నది" అని కిటికీ వైపు తిరిగింది. కృష్ణ దాటేటప్పుడు చేతులు జోడించింది. నేను మనసులో సారుకు చెప్పాల్సినవి, అత్తమ్మకు చెప్పాల్సినవి, వదినెకు చెప్పాల్సినవి వరుసగా పెట్టుకుంటూ ఉన్నాను. అన్నిట్లో నేనే గెలుస్తున్నాను. అన్నిటి చివరా పిల్ల బ్యాగు సర్దుకుంటూనే కనిపిస్తోంది.

గద్వాలలో ఆ వీధికి పోయేసరికి మగ్గాల చప్పుడు వినిపించింది. ఒక నేతగాళ్ల ఇంటి ముందు పిల్లలంతా చెట్టు నీడన, అరుగుల మీద కూర్చొని గీసుకుంటున్నారు. లోపల మగ్గం మీద నూలు చీర, దానికి పట్టు అంచు. రెండింటినీ నేతలోనే ఒకదాంట్లో ఒకటి చిక్కించి కలుపుతున్నారు. మా అమ్మాయి మగ్గం పక్కన ఉంది. మగ్గం గీస్తోంది, మగ్గం మీద కూర్చున్న మనిషిని గీయలేదు. కాగితం మీద ఆ చోటు ఖాళీగా ఉంది.

మమ్మల్ని చూసి లేచింది. "అవ్వా" అంది. అత్తమ్మ వినిపించుకోనట్టు దాటిపోయి, జుట్టు నెరిసిన మనిషి ముందు నిలబడింది.

"సారంటె నువ్వేనా?"

"అవునమ్మా."

"నా మన్మరాలికి బతికున్నోళ్ల పటాలు గీసుడు నేర్పినవంట. గోడకెక్కిన నేను. నా చెల్లె ఏడ్సె, నా బిడ్డ ఏడ్సె, నాకు జరమొచ్చె. గిదేం సదువు సారూ? సదువంటే పాణం పోసేటట్టుండాలె గని తీసేటట్టుంటదా?"

మగ్గం చప్పుడు కూడా ఆగింది. ఆయన కంగారుగా నా వైపు చూశాడు. నేను ఫోన్ తీసి ఆ పటం ఫోటో చూపించాను. మెచ్చుకుంటాడు, అప్పుడు మాట అందుకుందామని చూస్తున్నాను. ఆయన కళ్లజోడు పైకెత్తి చూసి, మా అమ్మాయి వైపు తిరిగాడు.

"ఇది నేను తిరగ్గొట్టిన బొమ్మ కదా?"

నేను గబుక్కున ఫోన్ సంచిలో పడేశాను.

"మొదటి ఏడు మా దగ్గర ఒక్కటే పట్టింపు అమ్మా," అన్నాడాయన అత్తమ్మతో. "మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొనే గీయాలె. ఈమె ఫోన్లో ఫోటో పెట్టుకొని గీసింది. చూడంగనే తెలుస్తది. ఫోటో కదలదు, మాట్లాడదు, రెప్ప కొట్టదు. బొమ్మ కూడా అట్లనే బిగుసుకపోయింది. మళ్లీ గీసుకరమ్మన్న. ఇప్పటిదాకా తేలేదు."

నేనింత కాలం ఊరందరి ముందు, చుట్టాలందరి ముందు గొప్పదని వాదించిన బొమ్మ అది! వదినె అక్కడ లేకపోవడం నా అదృష్టం.

అత్తమ్మ నెమ్మదిగా మనవరాలి వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత దానితో మాట్లాడింది.

"ఫోన్ల సూసి గీసినవానే నన్ను?"

"హాస్టల్ల నువ్వు లేవు కద అవ్వా."

"లేకుంటే రమ్మంటే రానా? బస్సు ఫిరి లేదా?"

"నువ్వు కదలకుండ ఎప్పుడు కూసున్నవ్ అవ్వా? నిమిషానికోసారి లేస్తవ్. అందుకనే..."

"సచ్చినోళ్లే కదలకుండ ఉండేది!" అత్తమ్మ గొంతు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "బతికున్న దాన్ని గీయాల్నంటే కదిలేదాన్నే గియ్యాలె. ఎద్దును కొనేటోడు నిలవడి పండ్లు సూస్తడు. నువ్వు అవ్వను గీసెతందుకు ఫోన్ సూస్తవా? యాడ సదువుతున్నవే నువ్వు?"

అప్పటికి నాకు అర్థమైంది, ఆమె కోపం చదువు మీద నుంచి పిల్ల బద్ధకం మీదికి మళ్లింది. బద్ధకం మీద కోపమైతే భయం లేదు. మా ఇంట్లో అది రోజూ ఉండేదే.

ఆ ఇంటామె రాయచూరు వైపు పిల్ల. గొడవ సద్దుమణిగిందనుకొని అరుగు మీద చాప పరిచి, "కూడ్రి అవ్వా, కూడ్రి" అని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. అత్తమ్మ కూర్చొని, కాళ్లు చాపుకొని, మనవరాలికి ఎదురుగా చాప మీద చోటు చూపించింది.

"ఇగ గియ్యి."

పిల్ల కూర్చుంది. బొగ్గు ముక్క చేతిలోకి తీసుకుంది. కాసేపు పట్టుకొనే ఉంది. నేను అటు చూడలేక మగ్గం వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఏమే, సూసుకుంట కూసుంటవా? నా మొకంల ఏమన్న సీన్మా నడుస్తుందా?"

బొగ్గు కాగితం మీద కరకరమంది. వెనక్కి తిరగకుండానే ఆ చప్పుడు విన్నాను. ఆ చప్పుడు ఎంత హాయిగా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు.

సారు సైగ చేస్తే మిగతా పిల్లలు కూడా చుట్టూ చేరి గీయడం మొదలుపెట్టారు. అత్తమ్మ కదలకుండా ఉన్నది రెప్పపాటు కూడా లేదు. ఈగను కొట్టింది. చాయ తాగింది. కొడుకు దండ తెచ్చిన సంగతి చెప్పింది, చెల్లెలు గుండిగ సంగతి చెప్పింది. నా గురించి కూడా చెప్పింది.

"ఇగో ఈమె నా కోడలు. నోరు తెరిస్తే మూయదు. ఈమె బొమ్మ గీయాల్నంటే మీకు నోరు ఒక్కటి గీస్తే సాలు."

తెలుగు రాని పిల్లలు కూడా నవ్వారు. మామూలుగా అయితే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజు నన్నెన్నన్నా పడేటట్టున్నాను.

గీయడం అయ్యాక బొమ్మలన్నీ చాప మీద పరిచారు. ఒకరు చెయ్యి ఒక్కటే గీశారు, మోచేతి మీది పచ్చబొట్టుతో సహా. ఒకరు కాళ్లు, కాళ్ల వేళ్లకు మట్టెలు ఒరిసిన గుర్తులు. ఒక దూరదేశం పిల్ల ముక్కు బాగా పొడుగు గీసింది. అత్తమ్మ తన ముక్కు తడుముకొని, "నాది గింత ఉన్నదా? నీ ఇల్లు బంగారం గాను" అంది. మా అమ్మాయి బొమ్మలో ఆమె నోరు తెరిచి ఉంది, ఒక చెయ్యి పైకి లేచి ఉంది, కొంగు జారింది. ఎవరినో తిడుతోంది. ఎవరినో ఏమిటి, దాన్నే.

అత్తమ్మ ఒక్కొక్కటే చూసింది. వంగి చూసింది, వెనక్కి జరిగి చూసింది. చివరికి సారును పిలిచింది.

"సారూ, గిన్నిట్ల సచ్చిన మొకం ఒక్కటి లేదు."

"లేదమ్మా."

"యముడు వస్తే ఏ బొమ్మను సూసి గుర్తు వడ్తడు నన్ను? ఒకదాంట్ల ముక్కే లేదు, ఒకదాంట్ల ముక్కే ఉన్నది. గడ్‌బడ్ అయి వాపస్ పోతడు."

అని ఆమె నవ్వింది. ముందరింట్లో సగంలో ఆగిపోయిన నవ్వులో మిగిలింది గద్వాలలో బయటపడింది.

అదే సమయానికి వదినె ఫోన్. పిల్ల బయలుదేరిందా లేదా అని. నేను ఎత్తి, మాట్లాడకుండా అత్తమ్మ చెవి దగ్గర పెట్టాను.

"ఆఁ, అడిగిన... సారు మంచోడే. మన పిల్లనే దొంగది, ఫోన్ల సూసి గీసిందంట... ఎందుకు తోల్కవస్తనే? పని నేర్వకుంట నడిమిట్ల ఇడిసిపెట్టి వస్తదా? మల్ల పటం కరాబ్ గీస్తె అప్పుడు నేను నిజంగనె సస్త, సిగ్గుకు... ఆఁ, ఆఁ, పెట్టెయ్."

ఫోన్ నా చేతికిచ్చి, మనవరాలితో, "సెలవులకు రా. ఎదురుంగ కూసొని గియ్యి. ఇంకోసారి ఫోన్ సూసినవో, బొగ్గు నోట్ల కుక్కుత" అంది.

పిల్ల బ్యాగు తీసింది, మాతో రావడానికి కాదు, అవ్వ తిట్టే బొమ్మ మా చేతికిచ్చి మిగతా కాగితాలు అందులో పెట్టుకోవడానికి. క్లాసుతో పాటు వాళ్ల బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. చేతినిండా బొగ్గు మసి. నేను చాయ గ్లాసు పట్టుకొని అట్లనే నిలబడ్డాను. చల్లారిపోయిన చాయ. దాని గురించి కూడా ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. ఆ ఇంట్లో ఒక చీర నచ్చి కొన్నాను, బేరం కూడా ఆడలేదు. అత్తమ్మ నా నుదురు తాకి చూసింది, జ్వరమేమోనని.

వనపర్తికొచ్చాక ఆమె మొదట చేసిన పని పాత పటాన్ని బీరువా వెనక నుంచి తీయించడం. గంధపు దండ తీసి మామయ్య ఫోటోకు వేసింది, ఆయన దండ పాతదైందని. కొత్త బొమ్మకు ఆ ఫ్రేమే వేయించడానికి పటాల దుకాణానికి తనే వచ్చింది. దుకాణాయన బొమ్మ చూసి, ఆమెను చూసి, అలవాటుగా దండల వైపు పోయిన చేతిని మధ్యలోనే వెనక్కి తీసుకున్నాడు. "తియ్యి బిడ్డా, తియ్యి. నేను ఈడనే ఉన్న" అంది అత్తమ్మ.

ఆ తిట్టే పటాన్ని ముందరింట్లో వద్దని వంటింట్లో, సరిగ్గా నా పొయ్యికి ఎదురుగా తగిలించింది. తను గిర్నికి పోయినప్పుడు కూడా నా మీద ఒక కన్ను ఉండాలట. మరి ఫోన్ చూసి గీసిన బొమ్మ? పారేయమన్నాను. వినలేదు. పాత చీరలో చుట్టి పెట్టె అడుగున దాచింది.

"ఎందుకు అత్తమ్మా అది?"

"యాళ్లకు పనికొస్తది. మల్ల నా దినాలల్ల మీరు ఫోటో కోసం పరేషానైతరు."

ఇప్పుడు సెలవులు. వాళ్లిద్దరూ ముందరింట్లో ఉన్నారు. నేను వంట చేస్తూ వింటున్నాను.

"అవ్వా, జర ఆ చెయ్యి అట్లనే పెట్టవే."

"పెట్టిన కదనే. దురదయితుంది."

"ఒక్క నిమిషం."

"నిమిషం నిమిషం అని పొద్దుగూకవెట్టినవ్. మూతి వంకర గీసినవా సూడు."

"నీ మూతే వంకర అవ్వా."

"మీ అమ్మ నోరు నీకొచ్చింది" అంటోంది అత్తమ్మ. దీనికి జవాబు నా దగ్గర ఉంది గాని, కూర మాడుతోందన్న సాకుతో పొయ్యి దగ్గరి నుంచి లేవడం లేదు.